శిఖరం దారిలో సీసా మూత గడ్డకట్టకుండా

చలికాలంలో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ వంటి శిఖరాలకు (దాని ఎత్తు సుమారు 12,500 అడుగులు) తెల్లవారుజామున చీకటి ఉండగానే బయలుదేరవలసి వస్తుంది. గంటో రెండు గంటలో నడిచి దాహంతో సీసా తీస్తే, లోపల నీళ్లున్నా మూత దగ్గర మంచు బిగుసుకుపోయి తిరగదు.

దీనికి నేను పాటిస్తున్న పద్ధతి ఇది. వెడల్పు మూతి గల లీటరు సీసాలో, పైన రెండు వేళ్ల మందం ఖాళీ వదిలి, ముందురాత్రి వంట గుడారంలో అడిగి తెచ్చుకున్న వేడినీళ్లు పోసి, మూత గట్టిగా బిగించి, మందపాటి ఉన్ని మేజోడులో దూర్చి, స్లీపింగ్ బ్యాగులో కాళ్ల దగ్గర పెట్టుకోవాలి. ఆ రాత్రి పాదాలు వెచ్చగా ఉండడం అదనపు లాభం. బయలుదేరేటప్పుడు సీసాను మేజోడుతో సహా తలకిందులుగా, బ్యాగు లోపల బట్టల మధ్య, వీపుకు ఆనేలా సర్దాలి. నీరు పైనుంచి గడ్డకడుతుంది కనుక మంచు ముందుగా సీసా అడుగు వైపున ఏర్పడుతుంది, మూత వైపు నీరు నీరుగానే మిగులుతుంది.

అయితే మూత కారే సీసాతో ఈ పని చేస్తే బట్టలన్నీ తడుస్తాయి, ఆ చలిలో అది దాహం కంటే పెద్ద ప్రమాదం. అందుచేత ఇంట్లోనే నీళ్లు నింపి పది నిమిషాలు తలకిందులుగా ఉంచి చూసుకోవాలి. దుకాణంలో కొన్న పల్చని నీళ్ల సీసాలు వేడికి మెత్తబడతాయి కాబట్టి ఇందుకు పనికిరావు. బ్యాగు బయటి జేబులో పెట్టిన సీసా ఎలా పెట్టినా గడ్డకడుతుంది.