వినాయక చవితి వెళ్లగానే తాళ్లు కొనండి

మా ఊరు కాట్రేనికోన వైపు. ఇంటికి సముద్రం మూడు కిలోమీటర్లు. రాత్రి ఊరు సద్దుమణిగాక హోరు వినిపిస్తుంది. కాపురానికొచ్చిన కొత్తలో ఆ హోరుకి నిద్ర పట్టేది కాదు, ఇప్పుడు అది లేకపోతే పట్టదు. పెళ్లయిన మరుసటేడు, 1996 నవంబరు 6 రాత్రి, కోనసీమని తుడిచిపెట్టిన తుఫాను వచ్చింది. మా పెద్దాడికి అప్పుడు ఐదో నెల. ఇవాళ మా ఇంట్లో పాటించే పద్ధతులన్నీ ఆ రాత్రి మేం చేసిన తప్పుల్లోంచి పుట్టినవే.

మాకు అసలు కాలం అక్టోబరు నుంచి డిసెంబరు. వేసవిలోనూ రావచ్చు, 1990లో మే నెలలోనే మచిలీపట్నం వైపు పెద్దది వచ్చింది. కానీ ఇక్కడ కార్తీక మాసం అంటే దీపాలతో పాటు తుఫాను కూడా గుర్తొస్తుంది. టీవీలో దానికి పేరు పెట్టాక బజారుకి పరిగెత్తితే కొవ్వొత్తుల ప్యాకెట్టు కూడా దొరకదు, దొరికినా రెట్టింపు ధర. అందుకని గణపతి నిమజ్జనం అయిన వారానికే నేను పనులు మొదలుపెడతాను.

అన్నిటికన్నా ముందు తాళ్లు. బొటనవేలంత లావు నైలాన్ తాడు ఒక చుట్ట, పాత కొబ్బరి తాడు ఉన్నంత. కొబ్బరి తాడు తడిస్తే ముడి బిగుస్తుంది, నైలాన్ తడిస్తే జారుతుంది. అందుకే నైలాన్‌కి ముడి మీద ముడి వేసి, కొసలు కాల్చి పెట్టుకోవాలి. చీకట్లో వానలో ముడి నేర్చుకోవడం కుదరదు. మా మనవడి చేత కూడా అరుగు మీద కూర్చోబెట్టి వేయిస్తాను. వాడికది ఆట.

తర్వాత రేకులు. మాది ఇప్పుడు శ్లాబు ఇల్లే, కానీ వెనక వసారా, పశువుల పాక రేకులవి. ఎగిరొచ్చిన రేకు కత్తిలాంటిది, మనది పక్కింటి మీద పడ్డా పాపమే. రేకుల్ని పట్టి ఉంచే జె-హుక్కు బోల్టులు కింది నుంచి చూస్తే బాగానే ఉంటాయి. మా ఆయన నిచ్చెన ఎక్కి స్పానర్ పెట్టి అర చుట్టు తిప్పితే తల ఊడి చేతిలోకొస్తుంది. లోపల ఎర్రటి పొడి తప్ప ఇనుము ఉండదు. ఉప్పుగాలి అలా తినేస్తుంది. కిందటేడు నలభైలో పదకొండు అలా ఊడాయి. పాడైనవి మార్చి, కింద రబ్బరు వాషరు వేయించండి. అన్నీ ఒకేసారి చేయించే స్తోమత లేకపోతే ముందు చూరు వైపు వరస, నాలుగు మూలలు. గాలి రేకుని లేపేది అక్కడి నుంచే. రేకుల మీద రాళ్లు పెట్టే అలవాటు మా వైపు ఉంది, మానేయండి. రాయి ఎగిరితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. రెండు ఇసుక బస్తాల మూతులు ఒకే తాడుకి కట్టి, గుర్రం మీద మూటల్లా నడికప్పుకి అటొకటి ఇటొకటి వేలాడదీస్తే జారవు.

శ్లాబు మీది ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకుని తుఫాను ముందు నిండా నింపాలి. ఖాళీ ట్యాంకు బంతిలా దొర్లుకుంటూ పోతుంది, నిండుది కదలదు. పైగా కరెంటు పోయాక ఆ నీళ్లే దిక్కు. 1996లో మా వీధికి కరెంటు రావడానికి నెల దాటింది. తాగడానికీ వండుకోవడానికీ మనిషికి రోజుకి నాలుగు లీటర్లని లెక్క పెట్టుకుంటాను. ఐదుగురం, ఐదు రోజులు, వంద లీటర్లు, అంటే ఇరవై లీటర్ల వాటర్ టిన్నులు ఐదు. వాడకానికి డ్రమ్ములూ బిందెలూ వేరే. నీళ్లు ముంచెత్తిన బావిని, బోరుని క్లోరిన్ వేసి శుభ్రం చేసేదాకా నమ్మొద్దు. ఆశా వర్కరు దగ్గర క్లోరిన్ బిళ్లలు ముందే అడిగి పెట్టుకోండి, అవి లేకపోతే కాచి తాగండి.

కొబ్బరి చెట్ల సంగతి. కాయలు దింపే వాయిదా ఇంకా పదిహేను రోజులుందని ఊరుకోకుండా ఇంటి చుట్టూ ఉన్న చెట్లకి సెప్టెంబరు ఆఖర్లో ఒకసారి దింపు తీయించేస్తాం. ఎండు మట్టలు కొట్టించేస్తాం. ధర కాస్త తగ్గినా ఫర్వాలేదు, గాల్లో కొబ్బరికాయ ఫిరంగి గుండే. ఇంటి వైపు వాలిన చెట్టు ఒకటుండేది, మా మావగారు పాతింది. దాన్ని కొట్టించడానికి మా అత్తగారిని ఒప్పించేసరికి నాకు ఆరేళ్లు పట్టింది. కొట్టిన రోజు ఆవిడ అన్నం తినలేదు. ఆ దూలమే ఇప్పుడు పశువుల పాకకి వేశాం.

కాగితాల గురించి కాస్త కోపంగానే చెబుతాను. ఒకసారి మా పొలం పాస్‌పుస్తకం బీరువాలో నానిపోయి అక్షరాలు అలుక్కుపోయాయి. నష్టపరిహారం కోసం వెళితే ఒక ఆఫీసులో, ‘ఇది మీదే అని ఏమిటి గ్యారంటీ?’ అన్నారు. చెట్లు పడి ఉన్నాయి, మేమూ నిలబడి ఉన్నాం, గ్యారంటీ మాత్రం లేదు. నాలుగు నెలలు తిరిగాను. అప్పటి నుంచి ఆధార్, రేషన్ కార్డు, పాస్‌పుస్తకం, బ్యాంకు పుస్తకాలు, మా ఆయన పంట బీమా కాగితం, అన్నీ రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలో పెడతాను. ఫోన్‌లో ఫొటోలు, వాటి కాపీ హైదరాబాద్‌లో ఉన్న మా చిన్నాడికి. ఇంకో పని ఎవరూ చేయరు: తుఫానుకి ముందు రోజు ఇల్లు నాలుగు పక్కలా, పాక, పశువులు, చెట్లు, చేలో పంట, అన్నీ ఫొటోలు తీసి ఉంచండి. ముందు ఎలా ఉండేదో చూపించకపోతే తర్వాత ఏం పోయిందో చెప్పలేం. కౌలు రైతైనా సరే ఈ-క్రాప్‌లో పంట నమోదు అయిందో లేదో అప్పుడే చూసుకోండి.

తిండికి పెద్ద ఆలోచన అక్కర్లేదు. అటుకులు, మరమరాలు, బెల్లం, జంతికలు, మాగాయ, పిల్లలకి బిస్కెట్లు, పాలపొడి. గ్యాస్ బండ ఒకటి నిండుగా ఉండాలి. ఫోన్లు, పవర్ బ్యాంకు, టార్చి సంగతి ఈ రోజుల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. రేడియో ఉంటే మాత్రం పారేయొద్దు, సెల్ టవర్లు ముందు పోతాయి. చేతిలో కాస్త చిల్లర నోట్లు ఉంచుకోండి, కరెంటు లేని ఊళ్లో ఫోన్‌పే పని చేయదు. మందులు పదిహేను రోజులకి. మా అత్తగారికి షుగరు, ఇన్సులిన్ వేస్తాం. ఫ్రిజ్ ఆగిపోతే సీసాని ప్లాస్టిక్ కవర్లో కట్టి చిన్న మట్టికుండలో పెట్టి, ఆ కుండని తడి ఇసుకలో పెడతాం. మీ డాక్టరుని అడిగి మీరూ అలా ఏర్పాటు చేసుకోండి. నెలలు నిండిన పిల్ల ఇంట్లో ఉంటే హెచ్చరిక వరకూ ఆగకుండా ఆస్పత్రి ఉన్న ఊరికి పంపేయండి.

ఇక వార్తలు ఎలా వినాలో. అల్పపీడనం అనగానే టెన్షన్ పడక్కర్లేదు. వాయుగుండం అయితే చెవి అటు వేయండి. గాలి గంటకి 62 కిలోమీటర్లు దాటితేనే తుఫాను అంటారు, 118 దాటితే అతి తీవ్ర తుఫాను. కనీసం 48 గంటల ముందు ఇచ్చేది పసుపు హెచ్చరిక, 24 గంటల ముందు ఆరెంజ్, 12 గంటల ముందు ఎరుపు. రేవులో ఎగరేసే ప్రమాద సూచిక నంబర్లు 1 నుంచి 11 దాకా ఉంటాయి. 8, 9, 10 అంటే మహా ప్రమాదం, 11 అంటే వాతావరణ కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. ఎక్కడ తీరం దాటుతుంది అన్నదొక్కటే విని ‘మనకి కాదులే’ అనుకుంటారు చాలామంది. మన తీరంలో పడమటి వైపుగా కదిలొచ్చే తుఫానుకి, దాటే చోటుకి ఉత్తరాన ఉన్న ఊళ్ల మీదకే గాలి సముద్రాన్ని తోస్తుంది. అది మాకు దక్షిణాన ఉన్న అంతర్వేది దగ్గర దాటుతుందంటే మేం ఇంకా భయపడాలి. దాటే వేళ పోటు ఉందా, అమావాస్యో పౌర్ణమో దగ్గర్లో ఉందా అని కూడా చూస్తాం. అది జాలర్లని అడిగితే చప్పున చెబుతారు. వాళ్లు పడవ ఇంజిన్లు విప్పి భుజాన వేసుకుని ఇళ్లకి మోస్తున్నారంటే ఇక మీరు టీవీ చూడక్కర్లేదు.

అసలు గొడవంతా ఇల్లు వదలడం దగ్గరే. 1996లో మాకు హెచ్చరిక అందలేదని కాదు. సాయంత్రం దాకా మా అత్తగారు కదల్లేదు. ‘గేదెని వదిలి నేను రాను, మీరు పొండి’ అని గుమ్మంలో కూర్చున్నారు. ఆవిడ లేకుండా మావగారు రారు, ఆయన లేకుండా మా ఆయన రారు. చీకటి పడ్డాక పెంకులు ఒక్కొక్కటీ లేస్తుంటే అప్పుడు బయల్దేరాం. రామాలయం రెండొందల గజాలు. చంటాణ్ణి పొట్టకి కట్టుకుని నేను వంగి నడుస్తుంటే, పెంకు తగలకుండా మా ఆయన భోజనాల పీట ఒకటి నా నెత్తి మీద అడ్డంగా పట్టుకొచ్చారు. ఆ పీటకి రెండు చోట్ల చెక్క లేచిపోయింది. ఇప్పటికీ వంటింట్లోనే ఉంది.

మా అమ్మది దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన మనిషి. ఆవిడ గాలి మొదలవగానే ముందు పశువుల పలుపులు విప్పేస్తుంది. కట్టు మీద ఉన్న పశువు నీళ్లొస్తే అక్కడే పోతుంది, వదిలిన పశువు ఈది మెరకకి చేరుతుంది. ఈ మాట మా అమ్మ నోట విన్నాకే మా అత్తగారు మెత్తబడ్డారు. ఇప్పుడు మా ఇంటి నియమం ఇది. ఆరెంజ్ హెచ్చరికలో మా మండలం పేరు వినపడితే పొద్దున్నే గేదెల్ని మెరక ఊళ్లో మా ఆడపడుచు ఇంటికి తోలేస్తాం. తోలడానికి వీలు కాకపోతే పలుపులు విప్పి పాక తలుపు తీసి వదిలేస్తాం. గేదె సంగతి తేలితే అత్తగారు లేస్తారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, వెలుతురుండగానే, అందరం తుఫాను షెల్టరుకి. దీని మీద ఆ రోజు చర్చ లేదు, చర్చంతా సెప్టెంబరులోనే అయిపోవాలి. మీ ఇంట్లో కదలనని కూర్చునే మనిషి ఎవరో, ఆ మనిషిని పట్టి ఉంచేది ఏమిటో ముందే తెలుసుకోండి. ఒకరికి గేదె, ఒకరికి దేవుడి గది, ఒకరికి దొంగల భయం.

2013 నవంబరులో లెహర్ తుఫానుకి ఊళ్లు ఖాళీ చేయించారు, అది సముద్రంలోనే నీరసించి వాయుగుండంగా మచిలీపట్నం దగ్గర తేలింది. మా పక్కింటాయన ఇప్పటికీ ఆ మాటే ఎత్తుతారు. 2025 అక్టోబరు 28న మొంథా వచ్చినప్పుడూ ఎత్తారు. నేను వాదించను. నాలుగు గంటలకి ఆటో పిలిచి ఆయన భార్యని ముందు ఎక్కిస్తాను, ఆయన వెనకే వస్తారు.

షెల్టరు కింద స్తంభాల మీద ఉంటుంది, నీళ్లు కింద నుంచి పోవడానికి. ముందే ఒకసారి వెళ్లి చూడండి. తాళం ఎవరి దగ్గరుంది, మరుగుదొడ్డి పని చేస్తోందా, ముసలివాళ్లు మెట్లెక్కగలరా. ఏదైనా బాగోకపోతే సచివాలయంలో అప్పుడే చెబితే చేయడానికి టైముంటుంది. ఇంటి నుంచి బయల్దేరే ముందు మెయిన్ స్విచ్ ఆపి, గ్యాస్ కట్టేసి, గింజలూ పరుపులూ అటక మీద పెట్టి, వరి బస్తాలుంటే ఇటుకల మీదకెత్తి బరకం కప్పి కట్టండి. 112, 1070 నంబర్లు ఫోన్‌లోనే కాదు, గోడ మీద కూడా రాసి ఉంచండి.

గాలి మధ్యలో హఠాత్తుగా ఆగిపోతే బయటికి రావద్దు. 1996లో ఆ రాత్రి ఉత్తరం గాలి అలాగే ఆగింది. చుక్కలు కూడా కనిపించాయన్నారు. మావగారు గేదెని చూసొస్తానని గుడి మెట్లు దిగారు. అది తుఫాను కన్ను అని మాకెవరికీ తెలియదు. అరగంట కాలేదు, దక్షిణం నుంచి విరుచుకుపడింది. ఆయన గుడి ప్రహరీ పట్టుకుని పాకుతూ వెనక్కొచ్చారు. అంతవరకూ తట్టుకున్న చెట్లన్నీ ఆ రెండో గాలికే పడ్డాయి. గేదె మాత్రం తెల్లారేసరికి గుడి వెనకే నిలబడి ఉంది, పలుపు తెంపుకుని.

తిరిగొచ్చాక పిల్లల్ని ముందు పంపొద్దు. చెప్పులేసుకుని, కర్రతో తట్టుకుంటూ వెళ్లండి, పొడి చోటు కోసం పాములు ఇళ్లలోకి చేరతాయి. మా వంటింట్లో బియ్యం డబ్బా వెనక నాగుపాము దొరికింది. పడిన తీగని చచ్చిన తీగ అనుకోవద్దు, లైన్‌మన్ వచ్చేదాకా దూరం. ఊడ్చే ముందు మళ్లీ ఫొటోలు.

తాళ్లు మంచినీళ్లతో కడిగి, నీడన ఆరేసి, చుట్టలు చుట్టి వసారా మేకుకి తగిలిస్తాను. డిసెంబరు దాటేదాకా వాటిని ఎవరూ ముట్టుకోకూడదు. ఒకసారి మా కోడలు బట్టలారేయడానికని ఒక చుట్ట తీసి పెరట్లో కట్టింది. మా అత్తగారు దానితో మూడు రోజులు మాట్లాడలేదు.