హెల్పర్లు కావలెను: ఫోన్‌లో మనిషిని వెతికి, నిలుపుకునే మా పద్ధతి

మా హోటల్‌కు వైజాగ్‌లో మూడు బ్రాంచీలు: ఎంవీపీ కాలనీ, గాజువాక, మధురవాడ. పొద్దున టిఫిన్లు, మధ్యాహ్నం మీల్స్. నేను ఓనర్ని కాను, స్టాఫ్ సంగతి చూసే మనిషిని. మాస్టర్లు, హెల్పర్లు, సప్లయర్లు, క్లీనర్లు అందరూ కలిసి నలభై మంది పైచిలుకు. ఒకప్పుడు కౌంటర్ పక్కన "హెల్పర్లు కావలెను" అని కాగితం అంటిస్తే సాయంత్రానికి ఇద్దరొచ్చేవారు. ఇప్పుడు అలా రావడం లేదు. పని కావాల్సిన కుర్రాడు పలాసలోనో పాలకొండలోనో కూర్చుని ఫోన్‌లో వెతుక్కుంటున్నాడు.

ఏ యాప్ మంచిదని తోటి హోటళ్లవాళ్లు అడుగుతుంటారు. అప్నా, వర్క్‌ఇండియా, జాబ్ హై లాంటివి మా పనులకు సరిపోతాయి. అకౌంటెంట్ కావాలంటే నౌకరీలో చూస్తాను. నిజం చెప్పాలంటే ఏది వాడినా పెద్ద తేడా లేదు. యాప్ మనకిచ్చేది ఫోన్ నంబరు, అంతే. చేతికెంతొస్తుంది, పడుకోవడానికి చోటుందా, సెలవెప్పుడు, అవసరమైతే అడ్వాన్స్ ఇస్తారా? ఈ నాలుగూ అడగడానికి కొత్తవాళ్లు మొహమాటపడతారు. అడక్కముందే వీటికి ఫోన్‌లో జవాబు కనిపించాలి. నేను చేసేదల్లా అదే.

ముందు ప్రకటన సంగతి. మొదటిసారి "ప్రముఖ హోటల్‌లో అనుభవం గల హెల్పర్లు కావలెను, ఆకర్షణీయమైన జీతం" అని రాశాను. రెండు రోజులు ఫోన్ మోగుతూనే ఉంది. అందరిదీ ఒకటే ప్రశ్న: "జీతమెంత మేడమ్? రూమిస్తారేటి?" జవాబు చెప్పి చెప్పి గొంతు పోయింది, చేరినవాడు మాత్రం ఒక్కడే. ఇప్పుడు ఇలా రాస్తున్నాను:

"కిచెన్ హెల్పర్, గాజువాక బ్రాంచి. జీతం 15,000. పీఎఫ్, ఈఎస్ఐ పోగా చేతికి 13,087. ఉదయం 5 నుంచి మధ్యాహ్నం 2 దాకా. టిఫిన్, భోజనం ఇక్కడే. రూమ్ ఉంది, నలుగురికొకటి, అద్దె లేదు. వారానికి ఒక సెలవు, ఆదివారం మాత్రం కుదరదు. అనుభవం అక్కర్లేదు. చేరడానికి ఎవరికీ ఒక్క రూపాయి కట్టక్కర్లేదు."

ఆ 13,087 ఎలా వచ్చిందంటే, 15,000 మొత్తం మీద పీఎఫ్ 12 శాతం అంటే 1,800. ఈఎస్ఐ 0.75 శాతం, పై రూపాయికి సవరిస్తే 113. జీతం 15,000 అని చెప్పి, నెలాఖరున పదమూడు వేలు చేతిలో పెడితే ఎవరికైనా మోసపోయినట్టే ఉంటుంది. కోత చట్టప్రకారమేనని తర్వాత ఎంత చెప్పినా చెవికెక్కదు. ముందే రాసేస్తే గొడవ లేదు. ఆదివారం కుదరదన్న మాట వల్ల ఫోన్లు తగ్గాయి. తగ్గితే తగ్గాయి, తెలిసే వస్తున్నారు కాబట్టి పదో రోజున పేచీ ఉండదు.

చివరి వాక్యం ఎందుకంటే, ఎవడో మా ప్రకటన కాపీ కొట్టి, సొంత నంబరు పెట్టి, రిజిస్ట్రేషన్ అని చెప్పి 1,500 చొప్పున వసూలు చేశాడు. అనకాపల్లి నుంచి ఒకబ్బాయి బ్యాగుతో సహా వచ్చి మా కౌంటర్ దగ్గర నిలబడితే గానీ మాకా సంగతి తెలియలేదు.

ప్రకటన ఒక్కో బ్రాంచికీ విడిగా పెట్టండి. విశాఖపట్నం అని ఊరి పేరొక్కటే ఇస్తే చాలదు. మధురవాడలో ఉండేవాడు తెల్లవారుజామున 5 గంటలకల్లా గాజువాక ఎలా వస్తాడు? దగ్గర దగ్గర పాతిక కిలోమీటర్లు. మొదటి వారం ఎలాగో వస్తాడు, రెండో వారం మానేస్తాడు.

దరఖాస్తు వచ్చిన పావుగంటలో ఫోన్ చేయాలి. సాయంత్రం చూద్దాంలే అనుకుంటే ఈలోగా ఇంకెవరో చేసేస్తారు. ఫోన్లో నేను అడిగేవి మూడే. ఎక్కడి నుంచి వస్తున్నావు, ఎప్పుడు చేరగలవు, నీ ఆధార్‌కు లింకైన ఫోన్ నంబరు ఇప్పుడు పనిచేస్తోందా? మూడోది వింతగా అనిపించొచ్చు. 2025 ఆగస్టు 1 నుంచి పీఎఫ్ ఖాతాకు ఉండే యూఏఎన్ నంబరు కొత్తగా కావాలంటే ఉమంగ్ అనే ప్రభుత్వ యాప్‌లో ముఖం చూపించి తీసుకోవాలి, ఓటీపీ ఆధార్‌తో లింకైన నంబరుకే వస్తుంది. మావాళ్లలో సగం మంది ఆ సిమ్ ఎప్పుడో పారేసి ఉంటారు. చేరిన రోజున ఇది బయటపడితే ఆధార్ సెంటర్ల చుట్టూ తిరగాలి. ఫోన్లోనే అడిగేస్తే ఊళ్లోనే నంబరు మార్పించుకుని వస్తాడు.

ఆధార్ ఫోటో మాత్రం మొదటి ఫోన్‌కే వాట్సాప్‌లో అడక్కండి. ఎవరో ఏమిటో చూడడానికి చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ సరిపోతుంది. పూర్తి నంబరు చేరిన రోజున, పీఎఫ్ కోసం. మొదటి ఫోన్ తర్వాత అడగడానికి బదులు మనమే పంపాలి: హోటల్ లొకేషన్, ముందువైపు ఫోటో, స్టాఫ్ రూమ్ అరనిమిషం వీడియో. బాత్రూమ్ కూడా చూపిస్తాను. వీడియో తీయాలంటే ముందు రూమ్ కడిగించాలి కదా, ఆ వంకన పాతవాళ్లకూ కాస్త మేలు జరిగింది.

ఇక చేరినవాళ్లను నిలుపుకోవడం. మాకు వాట్సాప్‌లో రెండు గ్రూపులు. ఒకదాంట్లో అడ్మిన్లే రాస్తారు: డ్యూటీ చార్ట్, జీతం పడిన కబురు, సెలవులు. రెండోదాంట్లో ఎవరేమైనా పెట్టుకోవచ్చు, గుడ్ మార్నింగ్ పువ్వులతో సహా. ఒకే గ్రూపు ఉన్నప్పుడు ఆ పువ్వుల కింద డ్యూటీ చార్ట్ కనిపించకుండా పోయేది. మా దోసె మాస్టారికి చదవడం రాదు. ఆయనకు వాయిస్ పెడతాను: "మాస్టారూ, రేపు మీది ఎంవీపీ. నాలుగున్నరకల్లా వచ్చేయండి." ఆయన కూడా వాయిస్‌లోనే, వెనకాల పెనం చుయ్‌మంటుంటే, "అలాగేనమ్మా" అంటారు.

హాజరు యాప్ దగ్గర నేనొక తప్పు చేశాను. గాజువాక కిచెన్ సెల్లార్‌లో ఉంటుంది. కిందికి దిగితే సిగ్నల్ ఉండదు, లొకేషన్ రోడ్డు అవతలెక్కడో చూపిస్తుంది. యాప్‌లో నేను పెట్టిన హద్దు 50 మీటర్లు, ఫోన్ హోటల్‌కు అంతకన్నా దూరంగా ఉన్నట్టు చూపిస్తే హాజరు పడదు. ఒక క్లీనర్‌కు నాలుగు రోజులు ఆబ్సెంట్ పడింది. నేను చూసుకోకుండా జీతం కోసేశాను. అతను నోట్లు లెక్కపెట్టుకుని ఒక్క మాటా అనలేదు. మర్నాడు బ్యాగు సర్దుకుని పలాస వెళ్లిపోయాడు. ఫోన్ చేస్తే, "మీ ఫోనే నాను రాలేదంటే నానేటి సెప్తాను మేడమ్" అన్నాడు. డబ్బు ఆ రోజే పంపాను. మనిషి మాత్రం తిరిగి రాలేదు.

ఇప్పుడు హద్దు 150 మీటర్లు, హాజరు వేసేది మెట్లు దిగకముందు. రోజూ సాయంత్రం నాలుగింటికి ఆ రోజు ఆబ్సెంట్ పడినవాళ్లందరికీ విడివిడిగా మెసేజ్ పెడతాను. ఆ మనిషితో మాట్లాడకుండా ఎవరికీ ఒక్క రోజు జీతం కూడా కోయను.

సెలవుల్లో మాకు పెద్ద పరీక్ష సింహాచలం గిరి ప్రదక్షిణ. ఆషాఢ పౌర్ణమి ముందురోజు మొదలై 32 కిలోమీటర్ల నడక, దారి ఎంవీపీ కాలనీ మీదుగానే. అంటే హోటల్ కిటకిటలాడే రోజూ, స్టాఫ్‌లో సగం మంది కొండ చుట్టూ నడుస్తామనే రోజూ ఒకటే. పది రోజుల ముందే గ్రూపులో పోల్ పెడతాను: నడుస్తాను, పనిచేస్తాను, సగం రాత్రి పనిచేసి తర్వాత నడుస్తాను. మూడోదాన్ని నేను ఊహించలేదు, ఒక సప్లయర్ అడిగితే చేర్చాను. ఇప్పుడు ఎక్కువ ఓట్లు దానికే. ఎవరికి సెలవు దొరికిందో అందరికీ కనిపిస్తుంది కాబట్టి, "మేడమ్ తనవాళ్లకే ఇస్తుంది" అన్న గొణుగుడు తగ్గింది. విజయనగరం వాళ్లకు సిరిమానోత్సవం, అందరికీ సంక్రాంతి, ఇవీ ఇలాగే.

అడ్వాన్సులు మాత్రం గ్రూపులో పెట్టకూడదు. ఎవరెంత తీసుకున్నారో పదిమందికీ తెలిస్తే పరువు పోయినట్టు బాధపడతారు. ఇచ్చిన రోజే యూపీఐ స్క్రీన్‌షాట్, మిగిలిన బాకీ ఎంతో ఒక్క వాక్యం, తీసుకున్నవాడి నంబరుకే.

మానేసేవాడికి కూడా ఒక పని చేసిపెట్టాలి. పీఎఫ్‌లో అతను మానేసిన తేదీ వెంటనే ఎక్కించండి. ఎక్కించకపోతే డబ్బు తీసుకునే దగ్గర ఆగిపోతుంది, దాని కోసం అతను శ్రీకాకుళం నుంచి బస్సెక్కి మీ కౌంటర్‌కి రావాల్సి రావచ్చు. ఆ తేదీ కనిపిస్తున్న ఉమంగ్ పేజీ ఫోటో అతను నాకు పంపాకే నేను అతన్ని గ్రూపులోంచి తీస్తాను.