చిన్న రైతులు కలిసి ఊరికి సరిపడా వరి విత్తనం పండించడం

విశాఖ జిల్లాలో పద్మనాభం, ఆనందపురం, భీమిలి వైపు చిన్న కమతాలున్న రైతులు విత్తనం పండించాలంటే ముందు ఇరుగుపొరుగును ఒప్పించాలి. పక్క మడిలో వేరే రకం ఉంటే గట్టు దగ్గరే కల్తీ మొదలవుతుంది. గట్లు ఆనుకున్న అయిదారుగురు ఒకే రకం వేస్తే, వేరే రకానికి 3 మీటర్ల ఎడం ఆ దిమ్మ చుట్టూ ఒక్కసారి వదిలితే చాలు. పెద్ద విస్తీర్ణం అక్కర్లేదు: ఎకరా నాటడానికి 20 కిలోల లెక్కన 15 క్వింటాళ్ల విత్తనం 75 ఎకరాలకు వస్తుంది.

తెల్ల ట్యాగున్న ఫౌండేషన్ విత్తనంతో, అంటే ధ్రువీకృత విత్తనం పండించడానికి వాడే మూల విత్తనంతో మొదలుపెట్టండి. రాగోలు పరిశోధనా స్థానం ఇచ్చిన శ్రీకాకుళం సన్నాలు ఈ వైపు తెలిసిన రకమే. ట్యాగు, బిల్లు దాచండి, ధ్రువీకరణకు అడుగుతారు.

నిరుడు రాలిన గింజలు మొలిచి చేలో కలిసిపోతాయి. అందుకే దమ్ముకు ముందే మడి తడిపి, మొలిచినదాన్ని దున్నేయండి. వారం పది రోజులాగి ఇంకోసారి దున్నండి. కుదురుకు ఒకటి రెండు మొక్కలే నాటి, ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలండి.

ఆ బాట కేళీలు, అంటే చేలో కలిసిన వేరే రకం మొక్కలు, ఏరడానికే. పిలక దశలో, పూతలో, కోతకు ముందు, మూడుసార్లూ దిగాల్సిందే. ఎత్తు, ఆకు రంగు, ఈనే సమయం, గింజ ఆకారం తేడాగా ఉన్న మొక్కను వేళ్లతో సహా పీకి బయటపడేయండి. వెన్ను మాత్రం తుంచితే వెనకటి పిలకలు మళ్లీ ఈనుతాయి. ధ్రువీకృత విత్తన చేలో కేళీలు 0.20 శాతం, అంటే వెయ్యి మొక్కలకు రెండు మించకూడదు.

ఇంత చేసినా కోత యంత్రం దగ్గర అంతా పోవచ్చు, ముందు కోసిన చేను గింజలు దాని లోపలే ఉంటాయి. చేత్తో కోసి నూర్చడం మేలు. యంత్రమే గతి అయితే విప్పి శుభ్రం చేయించి, మొదటి రెండు మూడు బస్తాలు తిండికి వదిలేయండి.

అక్టోబరు, నవంబరు తుఫాన్ల కాలం కాబట్టి టార్పాలిన్లు ముందే సిద్ధం చేసుకోండి. పలుచగా పరిచి, గంటకోసారి తిప్పుతూ తేమను 13 శాతానికి దించాలి. తారు రోడ్డు మీద వద్దు, ఆ వేడికి మొలక దెబ్బతింటుంది. కొత్త గోనె సంచుల్లో పోసి, చెక్క బల్లల మీద, గోడకు అడుగు ఎడంగా పేర్చండి. గాలి చొరని ప్లాస్టిక్‌లో బిగించాలంటే 8 శాతం దాకా ఆరాలి, లేకుంటే లోపలే ముక్కిపోతుంది.

మొలక పరీక్ష కోసిన వెంటనే చేస్తే, మంచి గింజ కూడా కొన్నాళ్లు మొలవని నిద్రావస్థ వల్ల లెక్క తప్పుతుంది. నెల ఆగి, 400 గింజలను వంద చొప్పున నాలుగు తడి గోనె చుట్టల్లో ఉంచి 14వ రోజున లెక్కించండి. 80 శాతం తగ్గితే ఆ కుప్ప మిల్లుకే.

2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం ప్రకారం రైతు తన విత్తనాన్ని పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. బ్రాండు పేరు మాత్రం వేయకూడదు.