చెరువున్న ఊరికి చిన్నపిల్లలతో కాపురం మార్చే ముందు చూసుకోవలసినవి

హైదరాబాదులో అద్దెలకూ, రోజూ రోడ్ల మీద గడిచిపోయే గంటలకూ విసిగి, ఇంటి నుంచే పని చేసుకునే వెసులుబాటు దొరికిన దంపతులు చాలామంది ఇప్పుడు హనుమకొండ, కరీంనగర్, సిద్దిపేట, ఖమ్మం వంటి పట్టణాల గురించి ఆలోచిస్తున్నారు. ఈ ఊళ్లన్నింటికీ నీటి అండ ఉంది. హనుమకొండకు భద్రకాళి, వడ్డేపల్లి చెరువులు, కరీంనగర్‌కు దిగువ మానేరు జలాశయం, సిద్దిపేటకు కోమటి చెరువు, ఖమ్మానికి లకారం చెరువు ఉన్నాయి. సాయంత్రం పూట పిల్లలను కట్ట మీదికి తీసుకువెళ్లి కాసేపు గాలి పోసుకొని రావచ్చన్న ఆశ సహజమైనదే. అయితే కట్ట మీద నిలబడి ఊరిని ఎంచుకోకూడదని నా గట్టి అభిప్రాయం. కట్ట కింద ఏ కాలనీలు ఉన్నాయో, మత్తడి (చెరువు నిండాక నీళ్లు పొర్లిపోయే అలుగు) నీళ్లు ఏ దారిన పోతాయో, ఆ దారి ఇప్పటికీ దారిగానే మిగిలి ఉందో లేదో చూసిన తర్వాతే నిర్ణయం తీసుకోవాలి.

అందుకని ఊరిని చూడడానికి వెళ్లవలసింది చలికాలంలో కాదు, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో, వీలైతే పెద్ద వాన పడిన మర్నాడు. తెలంగాణ చెరువులు చాలావరకు కాకతీయుల కాలం నుంచి గొలుసుకట్టుగా ఏర్పడినవి కాబట్టి, పై చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్లు వాగుల ద్వారా కింది చెరువుకు చేరాలి. ఆ రెండింటి నడుమ ఉన్న వాగు ఇరుకైపోయి, దాని మీద కాలనీ లేచిందంటే, వాన పెద్దదైన ఏడు నీళ్లు ఆ ఇళ్లలోకే వస్తాయి. 2023 జులై చివరలో భద్రకాళి చెరువు కట్టకు పోతన నగర్ వైపు గండి పడింది. 2020 అక్టోబరులో హైదరాబాదు శివారు బాలాపూర్ దగ్గరి గుర్రం చెరువు తెగి, కింద ఉన్న హాఫిజ్ బాబా నగర్ మునిగింది. ఖమ్మంలో 2024 సెప్టెంబరు ఆరంభంలో ఇళ్లను ముంచింది మాత్రం లకారం చెరువు కాదు, మున్నేరు. మనం ముచ్చటపడి చూసే నీరు ఒకటి, ఊరిని ముంచే నీరు మరొకటి కావచ్చు కాబట్టి, చెరువుతో పాటు చుట్టుపక్కల వాగులనూ ఏరులనూ లెక్కలోకి తీసుకోవాలి.

ఇల్లు చూడడానికి వెళ్లినప్పుడు గదుల కంటే ముందు గేటును చూడండి. నీళ్లు వచ్చే కాలనీల్లో గేటు కింద మోకాలి ఎత్తు వరకు ఇటుకలతో చిన్న అడ్డుగోడ కట్టి ఉంటుంది, దాన్ని దాటుకొనే లోపలికి పోవాలి. బోరు మోటారు స్టార్టరు, ఇన్వర్టరు నేలకు దగ్గరగా కాక గోడకు బాగా ఎత్తున బిగించి ఉంటాయి. కొత్త రంగు వేసిన ప్రహరీ గోడ మీద కింది రెండు మూడు అడుగుల మేర సున్నం పొరలుగా లేస్తూ ఉంటుంది. పాత ఇళ్ల పునాది ఎత్తుగా ఉండి, పక్కనే కొత్త ఇళ్లు రోడ్డు మట్టానికి కట్టి ఉంటే, ఆ నేల సంగతి పాతవాళ్లకు తెలుసునన్న మాట. వీధి చివర కిరాణా దుకాణదారుడిని "పోయిన వానలకు ఇక్కడి దాకా నీళ్లొచ్చినయా?" అని అడిగితే, ఇల్లు అమ్మేవాళ్లు చెప్పని మాట ఆయన చెబుతాడు.

అద్దెకు ఉండేవారికి ఇంతవరకు చాలు. స్థలమో ఇల్లో కొనాలనుకునేవారు మాత్రం ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవెల్) గురించి తప్పక తెలుసుకోవాలి. చెరువు పూర్తిగా నిండి మత్తడి దుంకడానికి సిద్ధంగా ఉన్నప్పటి నీటి మట్టమే ఎఫ్‌టీఎల్. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం, 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు ఆ హద్దు నుంచి 30 మీటర్ల వరకు, అంతకంటే చిన్నవాటికి 9 మీటర్ల వరకు బఫర్ జోన్‌గా వదిలేయాలి, అందులో ఇల్లు కట్టకూడదు. ఇక్కడ చాలామంది పొరబడేది శిఖం భూముల విషయంలో. శిఖం అంటే చెరువు నిండినప్పుడు నీళ్లు పరుచుకునే నేల. అందులో కొంత భాగానికి పట్టా ఉంటుంది గానీ, ఆ పట్టా నీళ్లు తీసినప్పుడు సాగు చేసుకోవడానికే తప్ప ఇల్లు కట్టుకోవడానికి కాదు. ఎండాకాలంలో చూస్తే అది మామూలు పొలంలాగే కనిపిస్తుంది. రిజిస్ట్రేషన్ అయిందనో, బ్యాంకు అప్పు ఇచ్చిందనో ధైర్యపడవద్దు. గ్రామ నక్షాలో (రెవెన్యూ పటంలో) సర్వే నంబరు చూసుకొని, పాత పహాణీలు (ఏటేటా భూమి వివరాలు రాసే రెవెన్యూ రికార్డులు) తీయించి, నీటిపారుదల శాఖ కార్యాలయంలో ఆ చెరువు ఎఫ్‌టీఎల్ హద్దు ఎక్కడి వరకు ఉందో లిఖితపూర్వకంగా అడగండి. చెరువుల, ప్రభుత్వ స్థలాల ఆక్రమణలను తొలగించే హైడ్రా సంస్థ 2024 జులైలో ఏర్పడిన తర్వాత హైదరాబాదు చుట్టూ కూల్చివేతలు జరిగిన తీరు చూసినవారికి ఈ జాగ్రత్త ఎందుకో వేరే చెప్పనక్కరలేదు.

చెరువు నీరు ఎలా ఉందన్నది చిన్నపిల్లలున్న ఇంటికి కొనే అమ్మే విషయం కంటే ముఖ్యం. ఊరి మురుగు నాలాలు చెరువులో కలుస్తున్నాయో లేదో కట్ట చుట్టూ నడిచి చూడండి. నీటి మీద గుర్రపుడెక్క పరుచుకొని ఉందంటే, అందులోకి మురుగు చేరుతోందని చాలావరకు అర్థం. దోమల్లోనూ తేడా ఉంది. మురుగు నీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ రాత్రిపూట కుట్టి నిద్ర చెడగొడుతుంది, బోదకాలు వ్యాప్తికి కారణమయ్యేదీ అదే. డెంగీ తెచ్చే ఏడిస్ దోమ పగలు కుడుతుంది, అది పెరిగేది ఇంటి చుట్టూ నిలిచిన మంచినీటిలో, అంటే డ్రమ్ములు, కూలర్లు, పూలకుండీల కింది పళ్లేల్లో. కాబట్టి చెరువుకు దూరంగా ఇల్లు తీసుకుంటే మొదటిది తగ్గవచ్చు గానీ, రెండవది మన ఇంటి శుభ్రత మీదే ఆధారపడి ఉంటుంది. ఇంకొక మాట, అయిదేళ్లలోపు పిల్లలున్నవారు చెరువుకు ఎదురుగా ఉండే ఇంటి కోసం పట్టుపట్టవద్దు. పది పదిహేను నిమిషాల నడక దూరం చాలు. బతుకమ్మ, వినాయక నిమజ్జనం రోజుల్లో కట్ట మీద జనం ఎంత ఉంటారో, మెట్ల దగ్గర కంచె ఎక్కడ తెగిందో ఒకసారి చూస్తే ఈ మాట ఎందుకన్నానో తెలుస్తుంది.

ఆసుపత్రి సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. అర్ధరాత్రి పిల్లవాడికి జ్వరంతో ఫిట్స్ వస్తే అరగంటలో పిల్లల డాక్టరు దొరకాలి. హనుమకొండ వాసులకు కాకతీయ వైద్య కళాశాల, ఎంజీఎం ఆసుపత్రి వరంగల్‌లో దగ్గరలోనే ఉన్నాయి. సిద్దిపేటలోనూ ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. ప్రయాణం విషయంలో హనుమకొండకు కాజీపేట జంక్షన్ పెద్ద బలం. సిద్దిపేట రాజీవ్ రహదారి మీద హైదరాబాదుకు దగ్గర, 2023 అక్టోబరు నుంచి అక్కడికి రైలు కూడా నడుస్తోంది. నెలలో కొన్ని రోజులు ఆఫీసుకు రావలసిన ఉద్యోగమైతే నేను ఈ రెండింటిలో ఒకటి ఎంచుకోమంటాను.

బడి విషయంలో ఫీజులు, సిలబస్ అందరూ ఆరా తీస్తారు. స్థానికత గురించి మాత్రం చాలామంది ఆలోచించరు. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం తెలంగాణలో ప్రభుత్వ ఉద్యోగాలకు ఒకటి నుంచి ఏడో తరగతి వరకు చదివిన ఏళ్లలో కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివారో దాన్ని బట్టి స్థానికత నిర్ణయిస్తారు. మూడేళ్ల పిల్లతో ఊరు మారుతున్నామంటే, ఆ పిల్ల ఏ జిల్లాకు స్థానికురాలవుతుందో కూడా మనం ఇప్పుడే నిర్ణయిస్తున్నట్టు. ఆంధ్రప్రదేశ్ నుంచి తెలంగాణకో, ఇటు నుంచి అటో మారేవారు ఈ సంగతి మరింత జాగ్రత్తగా చూసుకోవాలి. ఏ బడిలో చదివినా ఏటేటా బోనఫైడ్ సర్టిఫికెట్ తీసుకొని దాచుకోండి.

ఇవన్నీ కుదిరినా వెంటనే ఇల్లు కొనవద్దు. బడులు జూన్‌లో తెరుస్తారు కాబట్టి మే నెలలో మారి, అద్దె ఇంట్లో ఒక వానాకాలం, ఒక ఎండాకాలం పూర్తిగా గడపండి. వానాకాలంలో నీళ్లు ఎంత దూరం వస్తాయో, ఎండాకాలంలో నల్లా ఎన్ని రోజులకొకసారి వస్తుందో, బోరు ఎప్పుడు ఎండుతుందో మీ కళ్లతో చూసిన తర్వాతే బయానా ఇవ్వండి. మారేటప్పుడు పిల్లల టీకా కార్డును సామాన్ల లారీలో వేయకుండా మీ చేతి సంచిలోనే ఉంచుకొని, చేరిన వారంలోనే దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో బస్తీ దవాఖానాకో వెళ్లి తర్వాతి టీకా తేదీ రాయించుకోండి.