అమ్మాయిలూ, ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్, వెల్డర్ సీట్లకు ఇలా అప్లై చేయండి

ముందు ఒక విషయం క్లియర్‌గా చెప్పేస్తాను. ఐటీఐలో అబ్బాయిలకు మాత్రమే అని రాసిపెట్టిన ట్రేడ్, అంటే కోర్సు, ఒక్కటి కూడా లేదు. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్, వెల్డర్, టర్నర్, డీజిల్ మెకానిక్, వేటికైనా అమ్మాయిలు దరఖాస్తు పెట్టుకోవచ్చు. పైగా కేంద్రంలోని డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ ట్రైనింగ్ నిబంధనల్లో 30 శాతం సీట్లు మహిళలకు కేటాయించాలనే ఉంది. అయినా అమ్మాయిలంతా కుట్టుపని, కోపా అనే కంప్యూటర్ ట్రేడ్లలోనే చేరి, ఫిట్టర్ బ్యాచ్‌లో ఒకరో ఇద్దరో కనిపిస్తున్నారంటే దానికి కారణం రూల్స్ కాదు, ఫారం నింపేటప్పుడు చుట్టూ ఉండేవాళ్లు.

అర్హతలు చాలా సింపుల్. వయసు 14 ఏళ్లు నిండాలి. పై వయసుకు పరిమితి లేదు కాబట్టి పెళ్లై, పిల్లలు స్కూలుకు వెళ్తున్న ఆడవాళ్లు కూడా చేరొచ్చు, ఈ సంగతి చాలామందికి తెలీదు. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్ల కోర్సులు, వీటికి మ్యాథ్స్, సైన్స్‌తో పదో తరగతి పాసై ఉండాలి. వెల్డర్ ఏడాది కోర్సు, ఎనిమిదో తరగతి చాలు. ఎంట్రెన్స్ పరీక్ష ఉండదు, పదో తరగతి అర్హత ఉన్న ట్రేడ్లకు ఆ మార్కుల మెరిట్ మీదే సీటు ఇస్తారు.

పదో తరగతి ఫలితాలు వచ్చాక నోటిఫికేషన్ పడుతుంది. తెలంగాణ వాళ్లకు ఐటీఐ డాట్ తెలంగాణ డాట్ గవ్ డాట్ ఇన్, ఆంధ్రప్రదేశ్ వాళ్లకు ఐటీఐ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్. పదో తరగతి మెమో, ఆధార్, స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, ఫొటో, రిజర్వేషన్ ఉంటే కుల ధ్రువీకరణ పత్రం, ఇవన్నీ ముందే ఒక ఫైల్‌లో పెట్టుకోండి. ఆధార్‌లో పేరు, మెమోలో పేరు ఒకేలా ఉన్నాయో లేదో ఇవాళే చూసుకోండి, ఇంటిపేరు ఒకదాంట్లో పూర్తిగా, ఇంకోదాంట్లో ఒక్క అక్షరంగా ఉంటే చివరి రోజుల్లో అనవసరమైన టెన్షన్. ఫోన్ నంబర్ మీ ఇంట్లో ఉండేదే ఇవ్వండి. నెట్ సెంటర్ వాళ్ల నంబర్ ఇస్తే ఓటీపీలు, మెసేజ్‌లు అన్నీ వాళ్లకు పోతాయి, వాళ్లు ఎంతమందికని గుర్తుపెట్టుకుని చెబుతారు?

ఏపీలో ఆన్‌లైన్‌లో పెట్టి ఊరుకుంటే పని అవదు. దగ్గర్లోని ప్రభుత్వ ఐటీఐకి ఒరిజినల్స్ తీసుకెళ్లి వెరిఫికేషన్ చేయించుకోవాలి, అది అయితేనే మెరిట్ లిస్టులోకి వస్తారు. తెలంగాణలో సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేసి, కాలేజీ, ట్రేడ్ కలిపి వెబ్ ఆప్షన్లు పెట్టుకోవాలి. అసలు కథ ఇక్కడే ఉంది.

నెట్ సెంటర్‌లో సీన్ ఎలా ఉంటుందంటే, అమ్మాయి కుర్చీలో, నాన్న వెనక నిలబడి, మౌస్ నెట్ సెంటర్ అబ్బాయి చేతిలో. ఆప్షన్ల పేజీ రాగానే "అమ్మాయే కదా అంకుల్, కోపా పెట్టేద్దాం, ఏసీ రూమ్‌లో కూర్చునే పని" అంటాడు ఆ అబ్బాయి. నాన్న తలూపేస్తాడు. అమ్మాయిని ఎవరూ అడగరు. కోపా చెడ్డదని నేను అనట్లేదు, ఇష్టమైతే హాయిగా చేరండి. కానీ మీకు ఎలక్ట్రీషియన్ కావాలంటే అది మొదటి ఆప్షన్‌గా ఉండాలి, "ఉంటే ఉంటుందిలే" అని నాలుగో చోట పెడితే పైన ఉన్నదాంట్లోనే సీటు వచ్చి కూర్చుంటుంది. ఆప్షన్ల వరుస కాగితం మీద ఇంట్లోనే రాసుకుని వెళ్లండి, సబ్మిట్ కొట్టే ముందు స్క్రీన్ మీద ఒక్కో లైనూ మీరే చదవండి, ప్రింట్ తీసుకోండి.

మరో పొరపాటు, అమ్మాయిల ఐటీఐలు మాత్రమే చూడటం. అక్కడ వాతావరణం బాగుంటుందని పెద్దవాళ్లకు ధైర్యం, అది అర్థం చేసుకోదగ్గదే, కానీ మీకు కావాల్సిన ట్రేడ్ అక్కడ ఉందో లేదో ముందు చూసుకోండి. లేకపోతే అందరూ చదివే ప్రభుత్వ ఐటీఐని కూడా లిస్టులో పెట్టండి. ఆప్షన్లు పెట్టే ముందు అమ్మానాన్నలతో ఒకసారి ఆ ఐటీఐకి వెళ్లి చూడండి. ఆడపిల్లల బాత్రూమ్‌కు గడియ పడుతుందా, నీళ్లొస్తున్నాయా, సాయంత్రం ఇంటికి బస్సు ఎన్నింటికి, ఇవి అడగడానికి మొహమాటపడొద్దు. మధ్యలో మానేయడానికి చాలాసార్లు చదువు కాదు, ఇవే కారణం.

"అంత బరువు పని నువ్వు చేయగలవా" అనే ప్రశ్న ఎలాగూ వస్తుంది. ఫిట్టర్‌లో మొదట్లో చేయించేది ఏంటంటే, వైస్‌లో ఇనుప ముక్క బిగించి ఆకురాయితో అరగదీయడం, మూలమట్టం పెట్టి వెలుతురులో చూడటం, సందులోంచి వెలుగు కనబడితే మళ్లీ అరగదీయడం, వెర్నియర్ కాలిపర్‌తో కొలవడం. దానికి కావాల్సింది ఓపిక, కంటి చూపు. చున్నీ, వదులు జడ మాత్రం వర్క్‌షాప్‌లో కుదరవు, తిరిగే మెషిన్ దగ్గర అవి నిజంగా ప్రమాదం, బూట్లు, ఏప్రాన్ తప్పనిసరి.

ఉద్యోగం మాటకొస్తే రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్ (రైలు ఇంజిన్ డ్రైవర్‌కు సహాయకులు) పోస్టు చూడండి. దానికి ఐటీఐ అర్హతగా చెప్పే ట్రేడ్ల జాబితాలో ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, వైర్‌మన్, టర్నర్, డీజిల్ మెకానిక్ ఉంటాయి, కోపా, కుట్టుపని ఉండవు. అంటే పదహారేళ్లప్పుడు పెట్టిన ఒక ఆప్షన్ కొన్ని తలుపులు మూసేస్తుందన్నమాట. కరెంటు శాఖ కూడా అంతే. తెలంగాణలో 2019లో జూనియర్ లైన్‌మన్ పోస్టులకు ఆడవాళ్లను తీసుకునేది లేదంటే హైకోర్టు దాకా వెళ్లి, స్తంభం ఎక్కే పరీక్ష పాసై, సిద్దిపేట జిల్లాకు చెందిన బబ్బూరి శిరీష రాష్ట్రంలో తొలి లైన్‌ఉమన్ అయ్యారు.

తెలంగాణలో ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తున్నారు కాబట్టి రోబోటిక్స్, సీఎన్‌సీ మెషినింగ్ (కంప్యూటర్‌తో నడిచే మెషిన్ల పని), ఎలక్ట్రిక్ వాహనాల మెకానిక్ లాంటి కొత్త ట్రేడ్లు కూడా ఆప్షన్లలో కనిపిస్తాయి, పేరు కొత్తగా ఉందని దాటేయకండి.

సీటు వచ్చాక చెప్పిన తేదీలోపు వెళ్లి రిపోర్ట్ చేయాలి, చేయకపోతే సీటు పోతుంది. మొదటి విడతలో రాకపోతే రెండు, మూడు విడతలు ఉంటాయి, నోటిఫికేషన్ చూస్తూ ఉండండి. ప్రైవేటు ఐటీఐలో చేరాల్సి వస్తే కాలేజీకే కాదు, మీరు చేరే ట్రేడ్‌కు కూడా డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ ట్రైనింగ్ గుర్తింపు (చాలామంది ఎన్సీవీటీ గుర్తింపు అంటారు) ఉందో లేదో చూసుకున్నాకే డబ్బు కట్టండి. స్కాలర్‌షిప్‌కు తెలంగాణలో ఈపాస్ వెబ్‌సైట్‌లో విడిగా అప్లై చేయాలి, అడ్మిషన్‌తో పాటు అదే వచ్చేయదు.

పాలీసెట్ రాసి డిప్లొమాలో మెకానికల్, ఎలక్ట్రికల్ తీసుకునే అమ్మాయిలకు కేంద్ర సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్ ఉంది. ఎంపికైతే ఏడాదికి 50 వేల రూపాయలు, కుటుంబ ఆదాయం 8 లక్షలు దాటకూడదు, ఇంటికి ఇద్దరు అమ్మాయిల వరకు. దానికి నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో మొదటి సంవత్సరంలోనే అప్లై చేయాలి. ఐటీఐ విద్యార్థులకు ఇది వర్తించదు, కాకపోతే రెండేళ్ల ఐటీఐ తర్వాత లేటరల్ ఎంట్రీలో డిప్లొమా రెండో సంవత్సరంలో చేరితే అప్పుడు అడగొచ్చు.