పిల్లల బట్టల బ్రాండు పర్యావరణ హితమైనదో కాదో తేల్చుకోవడం ఎలా?

ఎనుమాముల మార్కెట్‌కు పత్తి వెల్లువెత్తే వరంగల్‌లోనైనా, దుకాణంలో చిన్నారి చొక్కాకు ‘ఎకో’ అనే ఆకుపచ్చ అట్ట వేలాడుతున్నంత మాత్రాన నమ్మవలసిన పనిలేదు. ఆ మాటను ఎవరు ధ్రువీకరించారన్నదే మొదట చూడాలి.

జీఓటీఎస్ (సేంద్రియ వస్త్రాలకు అంతర్జాతీయ ప్రమాణం) ముద్ర ఉంటే నూలులో కనీసం 70 శాతం సేంద్రియమని, దానితోపాటు ‘ఆర్గానిక్’ అని మాత్రమే ఉంటే కనీసం 95 శాతమని అర్థం. అద్దకపు రసాయనాలకు, మురుగునీటి శుద్ధికి కూడా ఆ ప్రమాణం షరతులు విధిస్తుంది. ముద్రతోపాటు ధ్రువీకరణ సంస్థ పేరు, లైసెన్సు సంఖ్య ఉండాలి. ఆ సంఖ్యను జీఓటీఎస్ వెబ్‌సైటులో వెతికి సరిచూసుకోవచ్చు. సంఖ్య లేకుంటే ఆ ముద్రను నేనైతే లెక్కలోకి తీసుకోను.

ఓకో-టెక్స్ స్టాండర్డ్ 100 అనే మరో ముద్ర సంగతి వేరు. బట్టలో హానికర రసాయనాలు పరిమితి దాటలేదని, అందులోనూ మూడేళ్ల లోపు పిల్లల బట్టలకు అత్యంత కఠినమైన పరిమితులు పాటించారని అది చెబుతుందే తప్ప, పత్తిని ఎలా పండించారో చెప్పదు. దుకాణదారులు తరచూ ఈ రెండింటినీ కలిపేస్తారు.

లోపలి చీటీలో పాలిస్టర్ శాతాన్ని కూడా చూడాలి, ఎందుకంటే ఉతికిన ప్రతిసారీ దాని నుంచి సూక్ష్మ ప్లాస్టిక్ పోగులు నీటిలో కలుస్తాయి. చివరగా బట్టను తిరగేసి, కుట్లు గట్టివో కావో, బిడ్డ ఎదిగినప్పుడు విప్పుకోవడానికి అంచులో మడత వదిలారో లేదో పరిశీలించాలి.