డ్యూక్ ఆఫ్ ఎడిన్‌బరో అవార్డు: పేరు నమోదు నుంచి బ్యాడ్జి దాకా

డ్యూక్ ఆఫ్ ఎడిన్‌బరో అవార్డు యువత కోసం నడిచే పథకం. ఇందులో ఎవరితోనూ పోటీ లేదు. ర్యాంకులుండవు, సెలక్షన్లుండవు. ఎవరి లక్ష్యం వాళ్లే పెట్టుకుని, వారం వారం పని చేస్తూ, చేసినదాన్ని రాసి చూపించాలి. 1956లో బ్రిటన్‌లో ప్రిన్స్ ఫిలిప్ దీన్ని మొదలుపెట్టారు. విద్యావేత్త కుర్ట్ హాన్ ఆలోచనలు దీనికి పునాది. 1953లో ఎవరెస్ట్ శిఖరాన్ని తొలిసారి ఎక్కిన బృందానికి నాయకుడైన జాన్ హంట్ మొదటి డైరెక్టర్. మొదట్లో అబ్బాయిలకే ఉండేది, 1958లో అమ్మాయిలకూ వచ్చింది. ఇప్పుడు వందకు పైగా దేశాల్లో ఉంది. భారత్‌లో ‘ఇంటర్నేషనల్ అవార్డ్ ఫర్ యంగ్ పీపుల్’ పేరుతో నడుస్తోంది. కింద చెప్పేవి అంతర్జాతీయ నియమాలు. బ్రిటన్‌లో కాలపరిమితుల లెక్క కాస్త వేరు.

మధ్యలో ఆగిపోయేవాళ్లలో చాలామందిని ఆపేది కొండా కాదు, వర్షమూ కాదు. లాగ్‌లో, అంటే చేసిన పని రాసుకునే రికార్డులో, ఖాళీగా మిగిలిన వారాలు; ఆ పని చూసి రిపోర్ట్ ఇవ్వాల్సిన అసెసర్ చివర్లో దొరకకపోవడం. అందుకే ముందు ఆ సంగతులు, తర్వాతే ప్రయాణం.

స్థాయిలు, సమయం

బ్రాంజ్‌కు 14 ఏళ్లు, సిల్వర్‌కు 15, గోల్డ్‌కు 16 నిండాలి. ఏ స్థాయి అయినా 25వ పుట్టినరోజు లోపే ముగించాలి. ప్రతి స్థాయిలోనూ నాలుగు విభాగాలుంటాయి: వాలంటరీ సర్వీస్, స్కిల్, ఫిజికల్ రిక్రియేషన్, అడ్వెంచరస్ జర్నీ. గోల్డ్‌లో రెసిడెన్షియల్ ప్రాజెక్టు అదనం. అంటే అంతకుముందు పరిచయం లేని వాళ్లతో కలిసి 5 పగళ్లు, 4 రాత్రులు ఉండి ఒక ఉమ్మడి పని చేయాలి.

మొదటి మూడు విభాగాల్లో బ్రాంజ్‌కు ఒక్కోదానికి 3 నెలలు, సిల్వర్‌కు 6, గోల్డ్‌కు 12. వారానికి సగటున కనీసం ఒక గంట. బ్రాంజ్‌లో ఈ మూడింట్లో ఏదో ఒకటి మరో 3 నెలలు కొనసాగించాలి, అందుకే మొత్తం 6 నెలలు పడుతుంది. బ్రాంజ్ లేకుండా నేరుగా సిల్వర్‌లో చేరితే 12 నెలలు, సిల్వర్ లేకుండా గోల్డ్‌లో చేరితే 18 నెలలు.

అదనపు 3 నెలలకు ఏది ఎంచుకోవాలన్నది తేలిగ్గా తీసుకోవద్దు. ఆరు నెలల్లో పరీక్షలు వస్తాయి, సెలవులు వస్తాయి. స్కూలు మైదానం తెరిచి ఉంటేనే ఆడగలిగే ఆటను ఎంచుకుంటే సెలవుల్లో లాగ్ ఖాళీ అవుతుంది. ఇంట్లోనూ సాగే పనికి ఆ అదనపు నెలలు ఇవ్వండి.

మూడు నెలల గంటలన్నీ కలిపి ఒకే వారంలో చేసేస్తామంటే కుదరదు. ఈ పథకం కోరేది క్రమం తప్పని సాధన. పేరు నమోదు కాకముందు చేసినదాన్ని లెక్కలో వేసుకోవద్దు.

ఏ పని ఏ విభాగంలోకి వస్తుంది

శరీరం అలిసి చెమట పడితే ఫిజికల్, లేకపోతే స్కిల్ అన్నది మోటు కొలతే కానీ పనికొస్తుంది. క్రికెట్ ఆడితే ఫిజికల్, అంపైరింగ్ నేర్చుకుంటే స్కిల్. చదరంగం, ఫోటోగ్రఫీ, సంగీతం, కోడింగ్ స్కిల్ కిందికి వస్తాయి. సర్వీస్‌కు డబ్బు తీసుకోకూడదు. సొంత ఇంటి పనులు, లాభం కోసం నడిచే వ్యాపారంలో ఊరికే చేసే చాకిరీ సర్వీస్ కావు.

లక్ష్యం రాసేటప్పుడు ‘గిటార్ నేర్చుకుంటాను’ అని వదిలేయకండి. ‘మూడు నెలల్లో ఐదు కార్డ్‌లు (ఒకేసారి మోగించే స్వరాల గుచ్ఛాలు) నేర్చుకుని, రెండు పాటలు ఆగకుండా వాయిస్తాను’ అని రాస్తే పని అయిందో లేదో మీకూ తెలుస్తుంది, అసెసర్‌కూ తెలుస్తుంది. లక్ష్యం మధ్యలో మార్చుకోవచ్చు, కానీ ముందు అవార్డ్ లీడర్‌తో, అంటే మీ సెంటర్‌లో ఈ అవార్డు పనులు చూసే వ్యక్తితో మాట్లాడండి.

లాగ్, అసెసర్

ఆన్‌లైన్ రికార్డ్ బుక్‌లో తేదీ, ఎంతసేపు, ఏం చేశారు అన్నవి పని చేసిన రోజే రాయండి. నెల తర్వాత కూర్చుని రాసే లాగ్ ఎలా ఉంటుందంటే, ‘గిటార్ ప్రాక్టీస్ చేశాను, బాగుంది’ అని వరసగా పన్నెండు వారాలు. అసెసర్ దాన్ని చూసి ఏమీ చెప్పలేరు. ఇలా ఉండాలి: ‘జి నుంచి సి కార్డ్‌కు మారేటప్పుడు ఉంగరపు వేలు వెనకబడుతోంది. మెట్రోనోమ్ (తాళం కొట్టే పరికరం) నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టి 20 నిమిషాలు ఆ ఒక్క మార్పే చేశాను. పదిసార్లలో ఏడుసార్లు శుభ్రంగా వచ్చింది. వచ్చే వారం 70 మీద.’ మూడు నాలుగు వాక్యాలు చాలు.

ఒక్కో విభాగానికి ఆ పని తెలిసిన పెద్దవాళ్లు ఒకరు అసెసర్‌గా ఉండాలి. కుటుంబ సభ్యులు పనికిరారు. పని మొదలుపెట్టకముందే అడిగి ఒప్పించుకోండి, మీ లక్ష్యం చూపించండి, మధ్యలో కనీసం ఒకసారి మీ పని వాళ్ల కంట పడేలా చూసుకోండి. చివరి వారం రాగానే రిపోర్ట్ అడగాలి. ఆలస్యమైతే కోచ్ మారిపోతారు, టీచర్ బదిలీ అవుతారు, మీరు చేసిన పనికి సాక్షి ఉండరు.

అడ్వెంచరస్ జర్నీ

బ్రాంజ్‌కు 2 పగళ్లు, 1 రాత్రి, రోజుకు 6 గంటల శ్రమ. సిల్వర్‌కు 3 పగళ్లు, 2 రాత్రులు, 7 గంటలు. గోల్డ్‌కు 4 పగళ్లు, 3 రాత్రులు, 8 గంటలు. నడక, సైకిల్, పడవ, ఏదైనా సొంత శ్రమతోనే సాగాలి, మోటారు సాయం ఉండకూడదు. బృందంలో 4 నుంచి 7 మంది. నలుగురి కంటే తగ్గితే ప్రమాదం: ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు తోడుండాలి, సాయం కోసం వెళ్లేది ఇద్దరు. ఏడుగురు దాటితే వెనకున్నవాళ్లు మ్యాప్ చూడటం మానేసి ముందువాళ్ల వెంట నడుస్తారు. ప్రయాణానికి ఒక ఉద్దేశం కూడా ఉండాలి. ఒక వాగు వెంట నీటి రంగు, ప్రవాహం ఎలా మారుతున్నాయో నమోదు చేయడం లాంటిది. దాని మీద చివర్లో రిపోర్ట్ ఇవ్వాలి.

అసలు ప్రయాణానికి ముందు అదే తరహా నేలలో ప్రాక్టీస్ ప్రయాణం ఉంటుంది. తప్పులన్నీ అక్కడే బయటపడాలి. కాబట్టి అందులో సూపర్‌వైజర్ చెప్పేదాకా ఆగకుండా దారి మీరే వెతకండి.

రూట్ కార్డ్: దారిని చిన్న ముక్కలుగా విడగొట్టి, ఒక్కోదానికి దూరం, దిశ, ఎక్కుడు, పట్టే సమయం రాయాలి. బరువుతో గంటకు 4 కిలోమీటర్లకు మించి లెక్క వేయొద్దు, ప్రతి 100 మీటర్ల ఎక్కుడుకు 10 నిమిషాలు కలపాలి. 2.4 కిలోమీటర్ల దారిలో 150 మీటర్ల ఎక్కుడు ఉంటే 36 నిమిషాలకు 15 కలిపి 51 నిమిషాలు. గంటకో ఐదు పది నిమిషాల విశ్రాంతి వేరే లెక్క. ప్రతి ముక్కకూ ‘ఇది కనిపిస్తే దాటి వచ్చేశాం’ అనే గుర్తు ఒకటి రాసుకోండి. వంతెన కావచ్చు, కంచె కావచ్చు. కబుర్లలో పడి మలుపు దాటేసినా ఆ గుర్తు ఆపుతుంది. కంపాస్‌ను ఫోన్‌కు, ఇనుప కంచెకు దూరంగా పట్టుకోండి, లేకపోతే ముల్లు పక్కకు లాగుతుంది.

రక్‌శాక్ (వీపు సంచి): మొత్తం బరువు మీ బరువులో నాలుగో వంతు దాటకూడదు. 52 కిలోల మనిషికి 13 కిలోలు, నీళ్లతో సహా. సంచి వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉన్నా నమ్మకండి, కుట్ల దగ్గర నీళ్లు దిగుతాయి. లోపల మందపాటి పాలిథీన్ సంచి పరిచి అన్నీ అందులో సర్దాలి. అడుగున స్లీపింగ్ బ్యాగ్, వీపుకు ఆనేలా బరువైనవి, పైన రెయిన్‌కోటు, ఫస్ట్ ఎయిడ్, తిండి. నడుము పట్టీ తుంటి ఎముకల మీద బిగించాకే భుజం పట్టీలు సరిచేయండి. బరువు తుంటి మీద పడాలి. పట్టీ పొట్ట మీదికి జారితే సాయంత్రానికి భుజాలు లాగేస్తాయి. జీన్స్ వద్దు. తడిస్తే ఆరవు, చలి పట్టుకుంటుంది.

కాళ్లు: కొత్త బూట్లతో బయలుదేరొద్దు, కొన్ని వారాలు వాడి మెత్తబరచాలి. మడమ దగ్గర మంటగా అనిపించగానే, సిగ్గుపడకుండా బృందాన్ని ఆపి, చర్మం తుడిచి టేపు వేయండి. ఐదు నిమిషాల పని. సాయంత్రం చూద్దామనుకుంటే అప్పటికి బొబ్బ చిట్లి, మర్నాటి నడక అందరికీ నరకమవుతుంది.

స్టవ్ టెంట్‌లో ఎప్పుడూ వెలిగించొద్దు. మంట అంటుకోవడం ఒక ప్రమాదమైతే, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ అంతకంటే పెద్దది. స్పిరిట్ స్టవ్ మంట పగటి వెలుతురులో దాదాపు కనిపించదు. పూర్తిగా చల్లారాకే మళ్లీ నింపాలి. టెంట్‌ను బయలుదేరే ముందు ఒకసారి పూర్తిగా వేసి చూడండి, తక్కువైన మేకులు అప్పుడే తెలుస్తాయి. పల్లంలో వేయొద్దు, రాత్రి వాన పడితే నీళ్లన్నీ అక్కడికే వస్తాయి. మలవిసర్జనకు నీటి వనరు నుంచి 60 మీటర్ల దూరంలో 15 నుంచి 20 సెంటీమీటర్ల గుంట తవ్వి పూడ్చాలి.

అన్ని విభాగాల రిపోర్టులు చేరాక అవార్డ్ లీడర్ చూసి ఆమోదానికి పంపుతారు. గోల్డ్ మధ్యలో స్కూలు చదువు ముగిసిపోతే చేసినదేమీ వృథా కాదు. టీసీ తీసుకునే నాటికే, అవార్డు నడిపే మరో సెంటర్ వెతికి, మీ ఆన్‌లైన్ రికార్డును అక్కడికి మార్పించమని లీడర్‌ను అడగండి.